చివరి పేజీ రాశాకే కుట్టాను

తమ్ముడు: నమస్కారం. ఈసారి అతిథి కోసం ఎక్కడా వెతకలేదు, మా అక్కే. టెన్నిస్ ఆటగాడు రోజర్ ఫెదరర్ ఆడిన మ్యాచుల గురించి 2008 నుంచి చేత్తో రాస్తూ, షాట్ల బొమ్మలు వేస్తూ వచ్చింది. పదకొండు పల్చటి నోటుబుక్కులు నింపింది. ఈ మధ్యే వాటన్నిటినీ ఒకే పుస్తకంగా కుట్టి, ఇక రాయనంది. ఎందుకక్కా?

అక్క: ఒకే వాక్యం రెండు చోట్ల కనిపించిందిరా. 2008 వింబుల్డన్ ఫైనల్ గుర్తుందిగా? 4 గంటల 48 నిమిషాలు ఆడి, ఐదో సెట్ 9-7తో నాదల్ గెలిచాడు. ఆ రాత్రి, "వెలుతురు పోతున్నా ఆ బ్యాక్‌హ్యాండ్ కంగారు పడలేదు" అని రాసుకున్నాను. ఆయన రిటైరయ్యాక పాత మ్యాచులు మళ్ళీ చూస్తూ రాసేదాన్ని. అప్పుడూ అదే మాట, అక్షరం పొల్లు పోకుండా రాశాను. ముందే రాసిన సంగతి గుర్తు కూడా లేదు. మొదటిసారి రాసింది వంకరటింకరగా ఉంది, కొట్టివేతలున్నాయి. రెండోసారిది ముత్యాల్లా ఉంది. దాన్ని చూడగానే అర్థమైంది, చెయ్యి అలవాటు కొద్దీ రాసుకుపోతోందని.

తమ్ముడు: అంటే ఇష్టం తగ్గిందా?

అక్క: అస్సలు లేదు. ఇష్టం ఎక్కడికీ పోలేదు, నేను చెప్పాల్సిందే అయిపోయింది. ఈ రెండూ వేరని తెలుసుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది. రాయడం మానేస్తే ఆయన్ని వదిలేసినట్టవుతుందేమో అని టెన్షన్ పడేదాన్ని.

తమ్ముడు: పదకొండో పుస్తకంలో ఒక పేజీ ఖాళీగా ఉండేది. పైన తేదీ మాత్రం వేశావు.

అక్క: 2021 జూలై 7. వింబుల్డన్ క్వార్టర్ ఫైనల్, హుర్కాజ్ చేతిలో ఓడిపోయాడు, 6-3, 7-6, 6-0. ఆయన ఆడిన ఆఖరి సింగిల్స్ మ్యాచ్ అదే. అదే ఆఖరిదని ఆ రోజు మనకు తెలీదు. కానీ ఆ మూడో సెట్ చూశాక పెన్ను పట్టుకోలేకపోయాను. రెండేళ్ళ ముందు జకోవిచ్‌తో ఫైనల్లో, ఐదో సెట్ 8-7 దగ్గర, ఒక్కటి గెలిచినా కప్పు చేతికొచ్చే రెండు చాంపియన్‌షిప్ పాయింట్లు చేజారినప్పుడు కూడా ఏడుస్తూనే నాలుగు పేజీలు రాశాను. ఈ 6-0ని మాత్రం రాయలేకపోయాను.

తమ్ముడు: తర్వాత 2022 సెప్టెంబరులో లేవర్ కప్ అనే జట్ల పోటీ గురించి రాశావు కదా, ఈ పేజీ దాటేసి.

అక్క: అవును. నాదల్‌తో కలిసి తన వీడ్కోలు డబుల్స్ ఆడి ఓడిపోయాడు. బెంచీ మీద ఇద్దరూ చేయీ చేయీ పట్టుకుని ఏడ్చారు. దాని గురించి రాయడం తేలికే, అందరం ఏడ్చాం, అందరం రాశాం. ఆ ఖాళీ పేజీ మాత్రం అలాగే ఉండిపోయింది. పుస్తకం కుట్టాలని కూర్చున్న రోజు అది మళ్ళీ కళ్ళబడింది. ఒకటి చెప్పనా? ఆయన కెరీర్‌లో 1,526 సింగిల్స్ మ్యాచులు ఆడాడు, గాయమైందని ఒక్కటి కూడా మధ్యలో వదిలేసి వెళ్ళలేదు. మోకాలు సహకరించని ఆ రోజు కూడా ఆ 6-0 పూర్తయ్యేదాకా ఆడి, చేయి ఊపి వెళ్ళాడు. అలాంటి మనిషి గురించి రాసిన పుస్తకంలో నేను ఒక పేజీ ఎగ్గొట్టడమేంటి అనిపించింది. మ్యాచ్ మొత్తం మళ్ళీ చూశాను. ఆ పేజీ రాశాను. ఆ తర్వాతే సూదిలో దారం ఎక్కించాను.

తమ్ముడు: గెలిచిన మ్యాచులు మాత్రమే ఉంచుదామనుకున్నావట ముందు?

అక్క: అనుకున్నాను. స్టేపుల్ పిన్నులు తీశాక అది కుదరదని తెలిసింది. నోటుబుక్కులో కాగితం మధ్యకి మడిచి ఉంటుంది కదా, ముందు వైపు ఒక పేజీ లాగితే వెనక వైపు ఉన్న దాని అవతలి సగం కూడా ఊడి వస్తుంది. ఒక ఫైనల్ గెలుపు లాగితే దాంతోపాటు ఒక మొదటి రౌండ్ ఓటమి వచ్చింది. సరే, అన్నీ ఉంచేశాను.

తమ్ముడు: కుట్టడం ఎలాగో వినేవాళ్ళకి చెప్పు.

అక్క: ఒక్కో నోటుబుక్కు ఒక కట్ట. మడత మీద ఐదు చిల్లులు, అన్ని కట్టలకీ ఒకే కొలతలో. దారానికి మైనం రాయాలి, లేకపోతే చిక్కు పడుతుంది. కట్ట లోపల్నించి సూది బయటికి తీసి, పై కట్టలోకి వెళ్ళి, చివరికొచ్చినప్పుడు కింది కట్ట కుట్టులో దూర్చి ముడేయాలి. దారం బిగించేటప్పుడు మడత పొడవునే లాగాలి, పైకి లాగితే కాగితం చిరుగుతుంది. నేను మూడో కట్ట చింపుకున్నాను. పల్చటి కాగితం అతికించి మళ్ళీ మొదలుపెట్టాను. అట్ట కూడా మొదటిసారి గిన్నెలా వంగిపోయింది. మిషన్ మీద తయారైన కాగితంలో నార ఒక వైపుకే పరుచుకుని ఉంటుందిరా. అట్టలోనూ, మీద అంటించే కాగితంలోనూ ఆ నార పుస్తకం వెన్నుకి సమాంతరంగా ఉండాలి. నేను చూసుకోలేదు. చిన్నగా వంచి చూస్తే తెలిసిపోతుంది, ఒక వైపు మెత్తగా వంగుతుంది, ఇంకో వైపు ఎదురు తిరుగుతుంది.

తమ్ముడు: అట్ట మీద ఆ నీలం?

అక్క: సయనోటైప్! 1842లో జాన్ హెర్షెల్ కనిపెట్టిన పద్ధతి. మరుసటేడే ఆనా అట్కిన్స్ అనే ఆవిడ నీటి నాచు మొక్కల్ని నేరుగా కాగితం మీద పెట్టి, ఆ ముద్రలతో పుస్తకమే వేయడం మొదలుపెట్టింది. కెమెరా అక్కర్లేదు. రెండు ఇనుప లవణాలు నీళ్ళలో కలిపి కాగితానికి పూసి, చీకట్లో ఆరబెట్టాలి. చేతికి గ్లవ్స్ తప్పనిసరి. మీద వస్తువు పెట్టి ఎండలో ఉంచితే ఎండ తగిలిన చోట రంగు మారుతుంది. నీళ్ళలో కడిగితే నీడపడ్డ చోట తెల్లగా మిగులుతుంది.

తమ్ముడు: నువ్వు రాకెట్ పెట్టావు.

అక్క: మొదట రాకెట్టే పెట్టాను. ఫ్రేము మందం వల్ల తీగలు కాగితానికి ఆనలేదు, నీడ అలుక్కుపోయింది. అప్పుడు నా పాత రాకెట్‌లో తెగిన తీగలు తీసి, కాగితం మీద గళ్ళుగా పరిచి, పైన గాజుపలక పెట్టాను. ఈసారి గీతలు వెంట్రుకల్లా వచ్చాయి. ఒక చోట తీగ అరిగిపోయిన నొక్కు కూడా పడింది. దాన్ని చూస్తూ ఎంతసేపు కూర్చున్నానో తెలీదు. ఒక షాట్‌ని పదిసార్లు వెనక్కి తిప్పి చూసే అలవాటు ఉంది కదా నాకు, అదే చూపు ఇప్పుడు ఒక తీగ నొక్కు మీద నిలబడింది. ఆ రోజు నుంచి వెలితిగా అనిపించడం తగ్గింది.

తమ్ముడు: టెన్నిస్ చూస్తున్నావా మరి?

అక్క: చూస్తున్నాను, పెన్ను లేకుండా. మొన్న ఒక ఐదు సెట్ల మ్యాచ్ చూసి లేచి నిద్రపోయాను. హాయిగా ఉంది.

తమ్ముడు: తర్వాతి పుస్తకంలో ఏముంటుంది?

అక్క: ఆకుల ముద్రలు, పన్నెండు. ఎనిమిది అయ్యాయి. తొమ్మిదోదానికి పూత వేసి అల్మారాలో చీకట్లో పెట్టాను, పొద్దున్నించి మబ్బు. కిటికీలోంచి చూడు, ఎండ వచ్చినట్టుంది కదూ? ఇక నన్ను వదిలెయ్ రా.