ఐసు బకెట్, వేలి క్లిప్పు, నొప్పి

[దృశ్యం: విశాఖ ఫిషింగ్ హార్బర్, తెల్లవారుజాము. ఐసు దిమ్మెలు మిషన్లో పడి పొడి అవుతున్న చప్పుడు. ప్లాస్టిక్ బకెట్ నిండుతోంది.]

ఈ ఐసు చేపల కోసం కాదండి. మా తమ్ముడి చెయ్యి కోసం. నొప్పిని మిషను కొలవగలదా అని చూద్దాం.

[దృశ్యం: ఎంవీపీ కాలనీ, మా ఇంటి హాలు. చాప మీద బకెట్, పక్కన లాప్‌టాప్.]

చిన్నా ఎడమ చెయ్యి ఐసు నీళ్ళలో పెడతాడు. కుడి చూపుడు వేలికి ఈ క్లిప్పు. కోవిడ్ రోజుల్లో మనందరం కొన్న ఆక్సీమీటర్‌లో ఉండే సెన్సరే ఇది. వేల్లోకి వెలుతురు పంపి, గుండె కొట్టుకున్నప్పుడల్లా ఎంత రక్తం వచ్చిందో అల గీసి చూపిస్తుంది. చాలా ఆక్సీమీటర్లు ఆ అల ఎత్తుని వాటంతట అవే సరిచేసేస్తాయి, తేడా మనకి తెలీదు. అందుకని ఉత్త సెన్సర్‌ని లాప్‌టాప్‌కి కలిపాను. అల ఎత్తు మీద ఓ కన్నేసి ఉంచండి.

గుండె జబ్బు, బీపీ ఉన్నవాళ్ళు ఇది ఇంట్లో చెయ్యకండి.

"పెట్టరా."

[దృశ్యం: తెర రెండు ముక్కలు. ఒకవైపు చిన్నా ముఖం, ఇంకోవైపు అల. మూలన టైమర్.]

పది సెకన్లకే అల పొట్టిదవుతోంది. ముప్పై సెకన్లకి సగానికి పడిపోయింది. పల్సు 78 ఉండేది, ఇప్పుడు 97.

"అక్కా, ఎముకల్లో పీకేస్తోందే!"

నిమిషం అయింది, తీసెయ్ రా.

ఇప్పుడు ఒక్క సంగతి గమనించండి. ఐసులో ఉన్నది ఎడమ చెయ్యి. రక్తనాళాలు ముడుచుకున్నది కుడి చేతి వేల్లో. ఆ వేలికి ఐసు తగల్లేదు. కబురు వెన్నుపాములోంచి మెదడు దాకా వెళ్ళి, అక్కణ్ణుంచి "ఏదో ముంచుకొస్తోంది" అని ఒళ్ళంతటికీ చాటింపు వేసింది. గుండె వేగం పెరగడం, చర్మానికి రక్తం తగ్గడం, అరచేతులు చెమర్చడం, కంటిపాప పెద్దదవడం, అన్నీ ఆ చాటింపుకి జవాబులే. మన చెప్పుచేతల్లో లేని సింపథెటిక్ నరాల పని ఇది.

కబురు మోసే నరాలు కూడా అన్నీ ఒక్క వేగంతో పోవు. గుమ్మానికి బొటనవేలు కొట్టుకున్నప్పుడు ముందు చురుక్కుమంటుంది. "హమ్మయ్య" అనుకునేలోగా అసలు సలుపు మొదలవుతుంది. ముందొచ్చేది ఎ-డెల్టా అనే నరాల పని, సెకనుకి 5 నుంచి 30 మీటర్ల వేగం. వెనకొచ్చేది సి నరాలది, సెకనుకి 2 మీటర్లు కూడా దాటదు. ఒకే దెబ్బకి రెండు నొప్పులు.

[దృశ్యం: పదిహేను నిమిషాల తర్వాత. చిన్నా చెయ్యి తువ్వాలులో. అల మళ్ళీ మామూలు ఎత్తుకి వచ్చింది.]

ఇప్పుడు ఐసు లేదు. "చిన్నా, 1000 లోంచి 7 చొప్పున తీసేస్తూ గట్టిగా చెప్పు. తప్పితే మళ్ళీ మొదటికి."

"993... 986... 979... 971..."

"తప్పు. మొదటికి."

[దృశ్యం: అల దగ్గరగా. పొట్టిదవుతోంది. పల్సు 94.]

చూశారా! ఐసుకీ లెక్కలకీ గీత దాదాపు ఒక్కలాగే ఉంది. నాకు ఈ వీడియో చెయ్యాలనిపించింది ఈ ఒక్క గీత చూశాకే. క్లిప్పు కొలిచేది నొప్పిని కాదు, ఒంట్లో రేగిన కంగారుని. ఆ కంగారు నొప్పి వల్ల రావచ్చు, భయం వల్ల రావచ్చు, పరీక్ష వల్ల, కోపం వల్ల కూడా రావచ్చు.

[దృశ్యం: వేళ్ళకి రెండు చిన్న ఎలక్ట్రోడ్లు.]

ఇంకో పద్ధతి చెమట. అరచేతి చెమట గ్రంథులు తెరుచుకుంటే చర్మంలో కరెంటు కాస్త సులువుగా పారుతుంది. ఎంత సులువుగా పారుతోందో మైక్రోసీమెన్స్ అనే కొలతలో చెప్తారు. సూది గుచ్చాక సెకను నుంచి మూడు సెకన్ల లోపు గీత లేస్తుంది. పుస్తకంలో చాలా అందంగా ఉంటుంది. మే నెల మధ్యాహ్నం మా వరండాలో పెట్టి చూశాను. సముద్రపు గాలి స్తంభించి, కూర్చున్నచోటే చొక్కా తడిసిపోయే ఉక్కపోత. గీత మొదటే పైకెక్కి కూర్చుంది. గిల్లినా పెద్దగా కదల్లేదు. లోపల ఏసీలో అదే చెయ్యి, అదే గిల్లుడు, గీత టక్కున లేచింది. పెదగంట్యాడ వైపు మెడ్‌టెక్ జోన్‌లో వైద్య పరికరాలు తయారుచేసే ఊరు మనది. అలాంటి పరికరాన్ని మన ఉక్కలో, మన చర్మం రంగు మీద పరీక్షించి తీరాలి. ఆక్సీమీటర్ విషయంలో 2020లో అమెరికాలో బయటపడ్డది గుర్తుంచుకోండి: ఆక్సిజన్ పడిపోయినా అది పట్టుకోలేకపోవడం నల్లజాతి రోగుల్లో తెల్లవాళ్ళ కంటే దాదాపు మూడు రెట్లు ఎక్కువ.

మరి ఈ గీతలు ఎక్కడ పనికొస్తాయి?

[దృశ్యం: ఆపరేషన్ థియేటర్ బొమ్మ, మానిటర్.]

మత్తులో ఉన్న మనిషి దగ్గర. అతనికి స్పృహ లేదు కాబట్టి నొప్పి "తెలియదు". కానీ కత్తి పడగానే గాయం కబురు నరాల్లో నడుస్తూనే ఉంటుంది. డాక్టర్లు దాన్ని నోసిసెప్షన్ అంటారు. సర్జికల్ ప్లెత్ ఇండెక్స్ అని ఒక అంకె ఉంది, 0 నుంచి 100 దాకా. ఇందాక మీరు చూసిన అల ఎత్తు, గుండె చప్పుళ్ళ మధ్య వ్యవధి, ఈ రెండే దాని సరుకు. అంకె ఎగబాకితే మత్తు డాక్టరు నొప్పి మందు పెంచాలా అని ఆలోచిస్తారు. అదే మనిషి గుండె వేగాన్ని అదుపులో పెట్టే బీటా బ్లాకర్ మాత్రలు వాడుతుంటే ఆ వేగం అంతగా పెరగదు. షుగరు ముదిరి నరాలు దెబ్బతిన్నా ఇంతే, లెక్క తప్పుతుంది. డాక్టరు చూపు అంకె మీదే కాదు, మనిషి మీద కూడా ఉండాలి.

మాట రానివాళ్ళు ఇంకా ఉన్నారు. పసిపిల్లలు. 1980ల దాకా నెలలు నిండని బిడ్డలకి సరైన నొప్పి మందు లేకుండానే ఆపరేషన్లు చేసేవారు, వాళ్ళ నరాలు ఇంకా పండలేదని. మన దేశంలో వైద్యం చదివి ఆక్స్‌ఫర్డ్ వెళ్ళిన కన్వల్‌జీత్ ఆనంద్, సహచరులతో కలిసి 1987లో లెక్క తేల్చారు. ఫెంటానిల్ అనే నొప్పి మందు ఇచ్చిన బిడ్డల కంటే ఇవ్వని బిడ్డల రక్తంలో ఒత్తిడి హార్మోన్లు చాలా ఎక్కువగా పెరిగాయి. ఏడవలేని బిడ్డ తరఫున రక్తమే సాక్ష్యం చెప్పింది. ఇది చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

[దృశ్యం: ఖాళీ మంచం, మడిచి పెట్టిన నేత దుప్పటి.]

మా మామ్మకి మతిమరుపు ముదిరి, చివరి ఏడాదిలో మాటలు పోయాయి. జారిపడి తుంటి ఎముక విరిగింది. ఆసుపత్రిలో ఒకాయన, "ఆవిడకి నొప్పి తెలియదులేమ్మా" అన్నారు. పక్క మార్చినప్పుడల్లా మామ్మ కనుబొమలు దగ్గరకొచ్చేవి. ఊపిరి బిగబట్టేది. నా కొంగుని గుప్పిట్లో పట్టుకుని వదిలేది కాదు. ఒక నర్సమ్మ అది చూసి, పెద్ద డాక్టరుని పిలుచుకొచ్చారు. మందు మార్చాక ఆ గుప్పిట విడిపోయింది.

ఆ నర్సమ్మ చూసినదానికి పేరుందని తర్వాత తెలిసింది. పెయినాడ్ అంటారు, 2003 నుంచి వాడుతున్నారు. ఊపిరి, మూలుగు, ముఖం, ఒంటి కదలిక, ఓదారిస్తే ఊరడిల్లుతున్నారా లేదా: ఒక్కోదానికి 0 నుంచి 2, మొత్తం 10. వైరు అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు. ఇంట్లో అలాంటి పెద్దవాళ్ళుంటే ఈ ఐదూ కాగితం మీద రాసి మంచం దగ్గర అంటించండి. స్నానం చేయించేటప్పుడు, పక్క మార్చేటప్పుడు చూడండి. కదలకుండా పడుకున్నప్పుడు చూస్తే సగం తెలియదు.

[దృశ్యం: నేను, కెమెరా ముందు.]

నాకున్న భయం కూడా చెప్తాను. ఇలాంటి అంకె రేపు ఇన్సూరెన్సు వాళ్ళ చేతికో, సెలవు ఇచ్చే ఆఫీసరు చేతికో వెళ్తే? "మీటరులో ఏం లేదు కదా, నాటకాలాడుతున్నావ్" అంటే? నెలల తరబడి ఉండే నొప్పికి ఒళ్ళు చాలాసార్లు అలవాటు పడిపోతుంది. చాటింపు ఆగిపోతుంది, నొప్పి ఆగదు. నొప్పిని పరిశోధించేవాళ్ళ అంతర్జాతీయ సంఘం 2020లో నిర్వచనాన్ని సవరించినప్పుడు, మనిషి తన నొప్పి గురించి చెప్పే మాటని గౌరవించాలని స్పష్టంగా రాసింది. మాట్లాడగలిగిన మనిషి మాటని కాదనే హక్కు ఏ క్లిప్పుకీ లేదు.

పైగా మన భాషలో నొప్పికి ఎన్ని మాటలు! మా ఊరి పెద్దాసుపత్రి కేజీహెచ్‌లో ఓపీ దగ్గర కాసేపు కూర్చోండి. పోటు, సలుపు, తీపు, మంట, గుంజు. కలుక్కుమంది, జివ్వుమంది, మెలిపెడుతోంది. సెగ్గడ్డకి సలుపు, పేగుకి మెలి, నరానికి మంట. "పదికి ఎంత?" అంటే తడబడే పెద్దాయన, "ఎలా ఉంది?" అంటే డాక్టరుకి సగం దారి చూపించేస్తాడు. నొప్పి ఎక్కడ, ఎలాంటిది, రాత్రి నిద్ర లేపిందా, ఏం చేస్తే పెరుగుతోంది: ఈ నాలుగూ మీ మాటల్లోనే చెప్పండి.

[దృశ్యం: రాత్రి. అమ్మ మంచం మీద కూర్చుని ఉంది. వేలికి అదే క్లిప్పు.]

మా అమ్మకి పన్నెండేళ్ళుగా షుగరు. "అమ్మా, కాళ్ళెలా ఉన్నాయి?"

"అరికాళ్ళు నిప్పుల మీద పెట్టినట్టున్నాయే. దుప్పటి తగిలినా ఓర్చుకోలేకపోతున్నాను."

[దృశ్యం: అమ్మ దుప్పటిని పాదాల మీంచి పక్కకి తీస్తోంది. లాప్‌టాప్ తెర మీద అల నిండుగా, నింపాదిగా పోతోంది. పల్సు 74.]