కాలువ గట్టు మీద, ద్రాక్షతోటల మధ్య

శ్రోతలకు నమస్కారం.

పారిస్ నుంచి లియోన్ వెళ్ళే పాత రైలు మార్గం మీద, ఫ్రాన్సులోని బర్గండీ ప్రాంతంలో, షాన్యీ అనే చిన్న ఊరు ఉంది. స్టేషన్‌లో సైకిలు దింపుకుని కాసేపు తొక్కితే కాలువ గట్టు మీదికి చేరుకుంటాం. అక్కడి నుంచి ఎటు వెళ్ళినా పెద్ద రోడ్డు ఎక్కే పని దాదాపు ఉండదు. పడమటికి సాగితే కాలువ వెంట లువార్ నది దాకా వెళ్ళవచ్చు. తూర్పుకు తిరిగితే అదే కాలువ సోన్ నది ఒడ్డున ఉన్న షాలోన్ పట్టణానికి చేరుస్తుంది. ఉత్తరాన ద్రాక్షతోటల మీదుగా బోన్ పట్టణానికి దారి ఉంది. సైకిలు యాత్ర అనగానే కండలు తిరిగిన కుర్రాళ్ళు, కొండలెక్కే పందేలు గుర్తుకొస్తాయి కాబట్టి చాలామంది అది తమ వల్ల అయ్యే పని కాదనుకుంటారు. ఇక్కడ మాత్రం అరవై ఏళ్ళ వారు, పదేళ్ళ పిల్లలు, ఎప్పుడో బడికి సైకిలు మీద వెళ్ళి తర్వాత దాన్ని ముట్టుకోని వారు కూడా హాయిగా తిరగగలరు. అది ఎలా సాధ్యమైందో చెప్పాలన్నదే ఈ రోజు నా ఉద్దేశం.

ముందు కాలువ సంగతి. దీని పేరు కనాల్ ద్యు సాంత్ర్. ఎమిలాన్ గోతే అనే ఇంజనీరు ఆధ్వర్యంలో 1783లో తవ్వకం మొదలైంది. షాలోన్ నుంచి లువార్ ఒడ్డున ఉన్న దిగ్వాన్ దాకా 112 కిలోమీటర్ల పొడవు, దారిలో పడవలను ఎక్కించి దించే లాకులు 61. సోన్ నీళ్ళు రోన్ నదిలో కలిసి మధ్యధరా సముద్రానికి పోతాయి. లువార్ నీళ్ళు అట్లాంటిక్‌కు పోతాయి. ఈ రెండు నదులనూ కలిపితే రెండు సముద్రాలనూ కలిపినట్టే. కానీ నడుమ మిట్ట అడ్డం ఉంది. మోన్షనాన్ ఊరి దగ్గర కాలువ సముద్రమట్టానికి సుమారు 300 మీటర్ల ఎత్తున ఉంటుంది. అక్కడి నుంచి ఒకవైపు 35 లాకుల మీదుగా, మరోవైపు 26 లాకుల మీదుగా కిందికి దిగుతుంది. లాకు తెరిచిన ప్రతిసారీ మిట్ట మీది నీళ్ళు కొన్ని కిందికి పోతాయి. ఆ లోటు తీర్చడానికి చుట్టుపక్కల పెద్ద పెద్ద చెరువులు కట్టారు. లాకులకు నంబర్లు వేసిన పద్ధతి నాకు ఎంతో ఇష్టం. ఒక వాలులోని లాకులన్నీ మధ్యధరా లాకులు, రెండో వాలులోనివన్నీ మహాసముద్రం లాకులు. ఎక్విస్ అనే ఊళ్ళో తొమ్మిదో నంబరు మధ్యధరా లాకు కాపలాదారు ఇంటిని ఇప్పుడు కాలువ మ్యూజియంగా మార్చారు. చుట్టూ పచ్చిక బయళ్ళు, కూరగాయల మడులు తప్ప మరేమీ లేని చోట సముద్రం పేరుతో ఒక లాకు ఉండటం చూస్తే, ఆ కాలువ తవ్వినవారి మనసులో ఎంత పెద్ద ఆలోచన ఉందో తెలుస్తుంది.

గోదావరి, కృష్ణా కాలువల మీద లాకులు చూసిన శ్రోతలకు ఈ ఏర్పాటు కొత్త కాదు. చూడనివారి కోసం చెబుతాను. పడవ కింది నుంచి వచ్చి రాతిగోడల తొట్టిలోకి దూరుతుంది. వెనుక తలుపులు మూసుకుంటాయి. ఎగువన తూములు తెరవగానే నీళ్ళు సుడులు తిరుగుతూ లోపలికి వస్తాయి. నాచు పట్టిన గోడ కొంచెం కొంచెంగా మునిగిపోతూ ఉంటుంది. పడవలోని వాళ్ళు గట్టు మీది ఇనుప గుంజకు చుట్టిన తాడును పట్టుకుని, పడవ పైకి లేచేకొద్దీ బిగిస్తూ ఉంటారు. ఇందాక మన పాదాల కింద కనిపించిన పడవ కప్పు చూస్తూండగానే మన నడుము ఎత్తుకు వచ్చేస్తుంది. లోపలి నీరూ ఎగువ నీరూ ఒకే మట్టానికి వచ్చేదాకా ఆ పై తలుపులను ఎంత బలవంతుడు తోసినా అంగుళం కదలవు. మట్టం కుదిరిన మరుక్షణం మెల్లగా విడిపోతాయి. ఇప్పుడు చాలా చోట్ల ఈ పని యంత్రాలే చేస్తున్నాయి. అయినా దారిన పోయే సైకిళ్ళ వాళ్ళందరూ ఆగి చూడకుండా వెళ్ళరు.

సైకిలు తొక్కేవారికి దీనివల్ల కలిగిన మేలు ఇదీ. నీరు నిలవాలంటే కాలువ సమతలంగా ఉండాలి. కాలువ సమతలంగా ఉంటే గట్టూ సమతలంగానే ఉంటుంది. లాకుకూ లాకుకూ మధ్య ఎత్తుపల్లాలు ఉండవు. లాకు దగ్గర మాత్రం కొన్ని మీటర్ల చిన్న ఎక్కుడు వస్తుంది, నాలుగు తొక్కులు గట్టిగా తొక్కితే అయిపోతుంది. ఆ గట్టు కూడా ఊరికే ఏర్పడింది కాదు. ఇంజన్లు లేని కాలంలో పడవలను గట్టు మీద నుంచి తాళ్ళతో లాగేవారు. గుర్రాలు, గాడిదలు లాగేవి. వాటికి డబ్బు లేనివాళ్ళు పట్టెడ భుజానికి తగిలించుకుని తామే లాగేవారు. అంత బరువు లాగుతూ నడవాలంటే దారి చదునుగా, అడ్డంకులు లేకుండా ఉండి తీరాలి. ఈ రోజు మనం ఆయాసపడకుండా సులువుగా సాగిపోతున్నామంటే ఆ సులువు వాళ్ళ చెమటలోంచి వచ్చింది.

మోన్సో గనుల బొగ్గు, ఎక్విస్ పరిసరాల పెంకులు, ఇటుకలు ఈ కాలువ మీదే వెళ్ళేవి. 1879లో చట్టం చేసి దేశంలోని ముఖ్యమైన కాలువల లాకులను ఒకే కొలతకు, అంటే 38 మీటర్లకు పైగా పొడవున్న పడవ పట్టేలా, పెంచారు. తర్వాత రైళ్ళు, లారీలు వచ్చి సరుకును ఎగరేసుకుపోయాయి. షాలోన్ ఊరి మధ్యనున్న కాలువ ముక్కను పూడ్చి రోడ్డు వేసేశారు. మిగతా కాలువకూ ఆ గతే పట్టి ఉండవచ్చు. పట్టలేదు. సరుకు పడవలు పోయినా విహారపు పడవలు వచ్చాయి, గట్టు సైకిళ్ళకు దక్కింది. అట్లాంటిక్ తీరం నుంచి నల్లసముద్రం దాకా సాగే యూరోవెలో 6 అనే సైకిలు మార్గం ఇప్పుడు ఈ కాలువ వెంటే వెళుతుంది.

ద్రాక్షతోటల దారి తీరు వేరు. బోన్ నుంచి షాన్యీకి దగ్గరలోని సాంత్నే దాకా సుమారు 22 కిలోమీటర్లు. పొమ్మార్, వోల్నే, మ్యుర్సో, ప్యులిన్యీ మోన్‌రాషే గ్రామాల మీదుగా వెళుతుంది. ఇది తోటల పనికోసం వేసుకున్న సన్నటి బాట, కాబట్టి అప్పుడప్పుడు ట్రాక్టర్లు ఎదురవుతాయి, పక్కకు తప్పుకోవలసింది మనమే. కాలువ గట్టులా చదునుగా కూడా ఉండదు, చిన్న చిన్న ఎక్కుడు దిగుడులు ఉన్నాయి. అయినా నన్నడిగితే మొత్తం యాత్రలో ఆగి ఆగి చూడవలసిన భాగం ఇదే. హెక్టారుకు దాదాపు పదివేల మొక్కలు, వరుసకూ వరుసకూ మధ్య మీటరు ఎడం. మామూలు ట్రాక్టరు అందులో పట్టదు. అందుకని ఇక్కడి ట్రాక్టరు పొడుగు కాళ్ళ మీద నిలబడి ఉంటుంది. చక్రాలు రెండు పక్కల సందుల్లో దొర్లుతుంటే మొక్కల వరుస దాని పొట్ట కింద నుంచి వెనక్కి పోతూ ఉంటుంది.

వాలు అడుగున మన్ను బరువుగా, తడిగా ఉంటుంది. పైన రాయి ఎక్కువ. నడుమ సున్నపురాతి నేలలో నీరు ఇంకిపోతుంది, ఉదయపు ఎండ నిండుగా తగులుతుంది. పేరు మోసిన తోటలు చాలావరకు ఆ నడుమ పట్టీలోనే ఉన్నాయి. మోన్‌రాషే అనే తోట మొత్తం సుమారు ఎనిమిది హెక్టార్లే. దాని పక్కనే, రాతిగోడకో సన్నని బాటకో అవతల ఉన్న తోట ద్రాక్షసారాకు వేరే పేరు, వేరే వెల. ఇలా శతాబ్దాలుగా హద్దులు గీసి పేర్లు పెట్టుకున్న మళ్ళు బర్గండీలో 1,247 ఉన్నాయి. యునెస్కో 2015లో వాటిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. కారులో వెళ్ళేవారికి ఇదంతా ఒకే పచ్చటి గుట్టలా కనిపిస్తుంది. సైకిలు మీద వెళితే నేల రంగు మారడం, గోడ మారడం, వాలు మారడం కాళ్ళకే తెలుస్తుంది.

ఇక మూడో దారి. షాలోన్ నుంచి జివ్రీకి, అక్కడి నుంచి క్లూనీకి. జివ్రీ, క్లూనీల మధ్య ఒకప్పుడు రైలు నడిచేది. పట్టాలు తీసేశాక 44 కిలోమీటర్ల ఆ కట్టను 1997లో నడిచేవారికి, సైకిళ్ళకు బాటగా మార్చారు. ఫ్రాన్సులో పచ్చబాటలకు ఇది నాంది. మోటారు వాహనాలు ఎక్కకూడని ఇటువంటి బాటలకు 2004లో చట్టంలో ప్రత్యేక స్థానం వచ్చింది. రైలు నిట్టనిలువు ఎక్కలేదు కాబట్టి ఈ బాట కూడా ఎక్కడా ఆయాసపెట్టదు. పాత ప్లాట్‌ఫారాలు దారి పక్కన అలాగే ఉన్నాయి.

దారి చివర ఉన్న క్లూనీ మఠం 910లో స్థాపించినది. తర్వాత అక్కడ కట్టిన చర్చి 187 మీటర్ల పొడవు, రోములో కొత్త సెయింట్ పీటర్స్ కట్టేదాకా క్రైస్తవ లోకంలో అంత పెద్ద చర్చి లేదు. ఫ్రెంచి విప్లవం తర్వాత దాన్ని అమ్మేసి, కూలగొట్టి, రాళ్ళు పట్టుకుపోయారు. మిగిలిన ఒక గోపురాన్ని తలెత్తి చూస్తే గుండె బరువెక్కుతుంది. పనికిరాదనుకున్న రైలు కట్టను భద్రంగా ఉంచిన నేల మీదే ఇంత గొప్ప కట్టడాన్ని పోగొట్టుకున్నారు. క్లూనీ దాటాక మాకోన్ వైపు వెళ్ళే బాట బ్వా క్లేర్ సొరంగంలో దూరుతుంది. దాని పొడవు 1.6 కిలోమీటర్లు. మండువేసవిలో కూడా లోపల చలి, చొక్కా మీద మరొకటి వేసుకోవాలి. చలికాలంలో గబ్బిలాలు అందులో నిద్రపోతాయి, అందుకని ఆ నెలల్లో సొరంగం మూసేస్తారు. అది నాకు చాలా నచ్చిన నియమం.

యూరప్‌లో ఉంటున్న పిల్లల దగ్గరికి వెళ్ళే తల్లిదండ్రులు మన శ్రోతల్లో చాలామంది ఉంటారు. పారిస్, లియోన్, స్విట్జర్లాండ్ చూసి వచ్చేస్తుంటారు. ఈసారి వెళ్ళినప్పుడు ఇక్కడికీ వెళ్ళండి. బోన్ నుంచి క్లూనీకి అన్నీ కలిపి సుమారు 100 కిలోమీటర్లు, రోజుకు పాతిక చొప్పున నాలుగు రోజులు చాలు. మే, జూన్, సెప్టెంబరు మంచి నెలలు. సెప్టెంబరులో కోతలు మొదలైతే తోటల బాటల్లో రద్దీ ఉంటుంది. పల్లెల్లో మధ్యాహ్నం దుకాణాలు మూసేస్తారు, సోమవారం రొట్టెల కొట్టు కూడా తెరవకపోవచ్చు. అందుకని ఉదయమే భోజనం కొని సంచిలో పెట్టుకోవాలి. ద్రాక్షసారా రుచి చూడాలనుకునేవారు సైకిలు దిగి, బసకు చేరాకే చూడండి. తాగి నడపడం మీద అక్కడి చట్టం సైకిలు తొక్కేవారికీ వర్తిస్తుంది. సైకిళ్ళు బోన్‌లో, షాలోన్‌లో అద్దెకు దొరుకుతాయి. కాళ్ళు అలిసిపోతే ఆ ప్రాంతంలో తిరిగే మామూలు రైళ్ళలో సైకిలుతో సహా ఎక్కవచ్చు, బోన్, షాన్యీ, షాలోన్ స్టేషన్లు దారికి దగ్గరగానే ఉన్నాయి.

నమస్కారం.