రాడ్డుతో నాలుగు అంకెలు

నమస్కారం. ఇంకా ఆరు కాలేదు. నల్లకుంటలో ఒక టిఫిన్ సెంటర్ పైనున్న చిన్న జిమ్ ఇది. పాటలు పెట్టకముందే రికార్డు చేద్దామని తొందరగా వచ్చాను. అవి మొదలయ్యాయంటే బరువు ఎత్తుతున్నది మనమో ఆ డప్పో తెలియదు.

ఈ రోజు రాడ్డు పట్టుకునే ధ్యానం చేద్దాం. రాడ్డుకు తగిలించే బరువు ప్లేట్లు ముట్టుకోము. ఖాళీ రాడ్డు చాలు. పోటీల్లో మగవాళ్ళ రాడ్డు 20 కిలోలు, ఆడవాళ్ళది 15. మీ దగ్గర అంతకన్నా తేలికైనది ఉన్నా సరే. మనం చేయబోయేది రొమేనియన్ డెడ్‌లిఫ్ట్. పేరు పెద్దదే కానీ, పని మాత్రం తుంటి దగ్గర మడత పడి మళ్ళీ నిలబడడమే.

ధ్యానం అనగానే కళ్ళు మూసుకోబోతారు. వద్దు, తూలిపోతారు. ఎదురుగా నేల మీద ఒక చోట చూపు నిలపండి. నాకైతే అదిగో, ఆ పగిలిన టైలు. పగలగొట్టింది నేనే. ఒక రోజు చేతులు రాడ్డు మీద, మనసు ఆఫీసు మీటింగులో. సెట్టు అయ్యాక రాడ్డును స్టాండు మీద పెట్టాననుకున్నాను. ఒక కొస మాత్రమే కొక్కెంలో పడింది. రెండో కొస నా పాదం పక్కనే దిగింది. యజమాని టైలు డబ్బు తీసుకున్నారు, టైలు మాత్రం మార్చలేదు. ఇప్పుడు నాకు అదే గురువు.

సరే, పాదాలు తుంటి వెడల్పులో. రాడ్డు తొడలకు ఆనించి పట్టుకోండి. దాని మీది గరుకు గీతలు అరచేతికి తగులుతున్నాయా? కుడి చేయి ఎక్కువగా బిగిస్తోందా, ఎడమా? సరిచేయకండి, ముందు తెలుసుకోండి చాలు.

ఇప్పుడు ముక్కుతో ఊపిరి తీసుకుంటూ పిరుదులను వెనక్కి నెట్టండి. మోకాళ్ళు కాస్త సడలితే చాలు, గుంజీళ్ళలా వంచకండి. వీపు తిన్నగా ఉంచండి. రాడ్డు తొడను రాసుకుంటూ దిగాలి. ఒకటి... రెండు... మూడు... నాలుగు. తొడల వెనక లాగుతోంది కదా, అక్కడ ఆగండి. ఆ లాగుడే ఈ రోజు మన ధ్యాన వస్తువు. వీపు గుండ్రమవుతోందంటే అతిగా దిగారన్నమాట. ఊపిరి వదులుతూ పైకి రండి.

భారీ బరువులు ఎత్తేవాళ్ళు ఊపిరి బిగబడతారు, పొట్టలో ఒత్తిడి పెరిగి వెన్నుకు ఆసరా దొరుకుతుంది. కానీ అప్పుడు రక్తపోటు కూడా ఒక్కసారిగా ఎగబాకుతుంది. ఖాళీ రాడ్డుకు ఆ అవసరం లేదు. రక్తపోటు, హెర్నియా ఉన్నవాళ్ళు బరువుల జోలికి వెళ్ళేముందు డాక్టరును అడగండి.

2000లో సిడ్నీ ఒలింపిక్స్ వెయిట్‌లిఫ్టింగ్‌లో కర్ణం మల్లీశ్వరి గారు రెండు రకాల ఎత్తుల్లో 110, 130 కలిపి 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చారు. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ. అలాంటి వీడియోల్లో మనం ఎత్తే క్షణమే చూస్తాం. పోటీలో పేరు పిలిచాక దొరికేది మామూలుగా ఒక్క నిమిషం. ఆ నిమిషంలో రాడ్డు ముందు నిలబడ్డ మనిషిని ఈసారి చూడండి. నాకు అదే అసలు పాఠం అనిపిస్తుంది.

ఎనిమిది సార్లు చేశాక సుమారు తొంభై సెకన్లు విశ్రాంతి. అందరూ ఫోను తీసేది ఇక్కడే! తీయకండి. అరచేతుల మంట ఎలా తగ్గుతోందో, గుండె ఎప్పుడు నెమ్మదిస్తోందో చూడండి.

రెండో సెట్టు. ఒకటి... రెండు... కింద పెనం మీద నీళ్ళు చిలకరించారు, విన్నారా? నేను విన్నాను, పెసరట్టు దాకా వెళ్ళొచ్చాను కూడా. అంకె పోయింది. పోతే పోయింది, నిలబడి మళ్ళీ ఒకటి నుంచి. ఊపిరి తీసుకోండి... ఒకటి...