ఫోన్-ఇన్: పాప డల్లాస్‌లో, అమ్మ పుత్తూరులో

యాంకర్: నమస్కారం. పరాయి దేశాల్లో మనవాళ్ళకు ఎదురయ్యే చిన్నచూపు గురించి ఈ సాయంత్రం మాట్లాడుకుందాం. స్టూడియోలో కౌన్సెలర్ మేడం ఉన్నారు. మొదటి కాల్ పుత్తూరు నుంచి. చెప్పండమ్మా.

కాలర్: హలో... వినిపిస్తా ఉందా?

యాంకర్: వినిపిస్తోంది. మీ రేడియో సౌండ్ కొంచెం తగ్గించండి.

కాలర్: ఆ, తగ్గించినా. మా పాప డల్లాస్‌లో ఉద్యోగం చేస్తుంది మేడం. తిరుచానూరు అమ్మవారి పేరు పెట్టుకున్నాం, నాలుగక్షరాలు. ఆఫీసులో 'పీ' అంటారంట. నోరు తిరగదేమోలే అనుకున్నా. మొన్న వీడియో కాల్‌లో అన్నం తింటా ఉంటే భుజం వెనకాల సీటు బెల్టు కనిపించింది. కార్లో ఎందుకు తింటున్నావే అంటే, ఊరికేలేమా అనింది. గుచ్చి గుచ్చి అడిగితే అప్పుడు చెప్పింది. ఒకరోజు పప్పుపులుసు వేడి చేసుకుంటే పక్క సీటామె లేచొచ్చి రూమ్ ఫ్రెషనర్ కొట్టి పోయిందంట. ఒక్క మాట కూడా అనలేదు. అప్పటి నుంచి డబ్బా తీసుకుని కార్లోకే పోతుంది. ఎనిమిది నెలలు మేడం! నాకు చెప్పనే లేదు.

మేడం: మీరేమన్నారమ్మా?

కాలర్: వాళ్ళ దేశం కదా, సర్దుకో అన్నా.

మేడం: ఆ మాట మాత్రం అనొద్దు. నేను ప్రతి వారం ఇదే చెప్తుంటాను, సర్దుకోమంటే పిల్లలు ఇక మనకు చెప్పడం మానేస్తారు. ఇది మీ పాప ఊహ కాదు. చెస్టర్ పియర్స్ అని అమెరికాలో నల్లజాతి మానసిక వైద్యుడు, ఇలాంటి వాటికి 1970లోనే 'మైక్రోఅగ్రెషన్' అని పేరు పెట్టాడు. చెప్పులో రాయి లాంటిదమ్మా. చూసేవాళ్ళకు కనపడదు, నడిచేవాళ్ళకే తెలుస్తుంది.

కాలర్: వచ్చేయమని చెప్పేదా మేడం? 2017లో కాన్సస్‌లో మన తెలుగు పిల్లోణ్ణి కాల్చేశారు కదా, అప్పటి నుంచి ఫోన్ ఎత్తకపోతే నాకు టెన్షన్.

మేడం: మీ భయం నాకు అర్థమవుతుంది. కానీ వచ్చేయాలా వద్దా అనేది పాప తేల్చుకోవాలి. పనిలో ఏమైనా తేడా చూపిస్తున్నారా?

కాలర్: ఆ, అదొకటి. మూడు నెలలు తయారు చేసిన ప్రజెంటేషన్ చివర్లో ఇంకొకాయనకు ఇచ్చేశారంట. నీ యాస క్లయింట్లకు అర్థం కాదన్నారంట. రెండేళ్ళుగా అదే క్లయింట్లతో రోజూ ఫోన్లో మాట్లాడేది ఈమే!

మేడం: అమ్మా, ఇది వేరే సంగతి. ఫ్రెషనర్ ఒక్కదాని మీద కేసు నిలబడదు. పని తీసేయడం అలా కాదు. అమెరికా 1964 పౌరహక్కుల చట్టం ప్రకారం 15 మంది, ఆపైన ఉద్యోగులున్న కంపెనీ పుట్టిన దేశాన్ని బట్టి తేడా చూపకూడదు. యాస నిజంగా పనికి అడ్డమైతే తప్ప దాన్ని సాకు చెప్పి పని తీసేయకూడదు. ఉద్యోగాల్లో ఇలాంటి తేడాలపై ఫిర్యాదులు చూసే అక్కడి ప్రభుత్వ సంస్థ ఈఈఓసీకి ఫిర్యాదు చేయొచ్చు. గడువు 180 రోజులు, చాలా రాష్ట్రాల్లో 300. వీసా మీద ఉన్నవాళ్ళకూ ఈ చట్టం వర్తిస్తుంది. ఫిర్యాదు చేసిందని కక్ష సాధించడం కూడా తప్పే. ముందు తేదీ వేసి రాసుకోమనండి. ఎవరు, ఏ మాట అన్నారు, పక్కన ఎవరున్నారు, అన్నీ. ఆ రోజే రాయాలి. ఆఫీసు లాప్‌టాప్‌లో కాదు, సొంత నోట్‌బుక్‌లో.

కాలర్: సరే మేడం. అయితే వచ్చేయమని చెప్పేదా?

మేడం: (నవ్వుతూ) మళ్ళీ అక్కడికే వచ్చారా! చెప్పొద్దమ్మా. అడగండి, వినండి.

యాంకర్: థాంక్యూ అమ్మా. పీలేరు నుంచి కాల్. హలో.

కాలర్: మా అక్క కువైట్‌లో ఇంటి పని చేస్తుంది. ఆమెకు గ్లాసు, ప్లేటు వేరే పెట్టారు. సెలవు లేదు. పాస్‌పోర్టు కఫీల్ దగ్గరే, అంటే పనిలో పెట్టుకున్న యజమాని దగ్గరే ఉంది.

మేడం: బాబూ, పాస్‌పోర్టు వాళ్ళు పెట్టుకోకూడదు. ఇంటి పనివాళ్ళ కోసం కువైట్ 2015లో చట్టం తెచ్చింది, 68వ నంబరు. రోజుకు 12 గంటలు మించకూడదు, వారానికి ఒకరోజు సెలవివ్వాలి. మన విదేశాంగ శాఖ 'మదద్' పోర్టల్‌లో ఇక్కడి నుంచి మీరే ఫిర్యాదు పెట్టండి. ఆమె ఫోన్‌లో పెట్టించొద్దు, ఇంట్లోవాళ్ళు చూస్తే కష్టం. తేదీలు...

యాంకర్: లైన్ కట్ అయింది. తిరుపతి నుంచి ఇంకొకరు.

కాలర్: మేడం, మా మేడ మీద మణిపూర్ పిల్లలు అద్దెకున్నారు. మావాడు వాళ్ళను 'చైనా' అంటాడు. ఊరికే సరదాకి. దానికి వాళ్ళు మాట్లాడ్డమే మానేశారు.

మేడం: సరదా ఎవరికండీ? ఇందాక పుత్తూరు అమ్మ చెప్పింది విన్నారా?

కాలర్: విన్నాను. అది అమెరికా కదా మేడం...

మేడం: మీ మేడ మీద కూడా ఒక అమ్మ కన్న పిల్లలే ఉన్నారు. వాళ్ళమ్మ కూడా రోజూ ఫోన్ చేస్తుంది. ఈ రాత్రే మీవాణ్ణి తీసుకుని పైకి వెళ్ళండి. పేర్లు అడిగి తెలుసుకుని, పేరుతో పిలవమనండి.

కాలర్: ...సరే మేడం.

యాంకర్: సమయం అయిపోవచ్చింది. పుత్తూరు అమ్మ మళ్ళీ లైన్‌లోకి వచ్చారు. త్వరగా చెప్పండమ్మా.

కాలర్: అక్కడ ఇప్పుడు పొద్దున మేడం. ఆఫీసుకు బయలుదేరుతుంటుంది. ఫోన్ చేస్తే ఏమని మొదలుపెట్టేది?

మేడం: ఈరోజు డబ్బాలో ఏం పెట్టుకున్నావని అడగండి. నేను సర్దుకో అన్నది తప్పు పాపా అని చెప్పండి. పేరు పూర్తిగా పిలవండి.

కాలర్: ఇప్పుడే చేస్తా.

యాంకర్: థాంక్యూ మేడం. వచ్చే వారం ఇదే సమయానికి కలుద్దాం. నమస్కారం.