చైన్‌సాలో ఎలక్ట్రానిక్ కార్బ్యురేటర్ అసలు చేసే పనేంటి?

అందరికీ నమస్కారం, నేరుగా విషయానికొచ్చేస్తా. చైన్‌సా (చెట్లు కోసే ఇంజన్ రంపం) మీద ఎం-ట్రానిక్ అనో ఆటోట్యూన్ అనో, అంటే గాలీ పెట్రోలూ కలిపే కార్బ్యురేటర్‌ని కంప్యూటరే సర్దుకునే ఏర్పాటుకి స్టిల్, హస్క్‌వర్నా కంపెనీలు పెట్టుకున్న పేర్లు, కనపడగానే ఇది కాలుష్యం తగ్గించే టెక్నాలజీ అనేస్తారు, అది సగమే నిజం. పెద్ద పని చేసేది సిలిండర్, ఎలక్ట్రానిక్స్ చేసేది వేరే పని. ఈ రెండూ కలిపేసి మాట్లాడటం వల్లే చాలా గందరగోళం వస్తోందని నా అభిప్రాయం.

ముందు సిలిండర్ సంగతి చూద్దాం. టూ స్ట్రోక్‌లో వాల్వులుండవు, పిస్టన్ కిందకి దిగినప్పుడు ట్రాన్స్‌ఫర్ పోర్టూ (మిక్చర్ లోపలికొచ్చే దారి) ఎగ్జాస్ట్ పోర్టూ (పొగ బయటికెళ్ళే దారి) రెండూ తెరిచే ఉంటాయి, కాలిన గ్యాస్‌ని బయటికి నెట్టాల్సింది కొత్తగా వచ్చే గాలీ పెట్రోలూ కలిసిన మిక్చరే, నెడుతూ నెడుతూ అదీ కొంత సైలెన్సర్‌లోకి పోతుంది. పాత డిజైన్లలో ఇలా కాలకుండా పోయేది పావు వంతు దాకా ఉండేది. మిక్చర్ ఎంత కరెక్టుగా కలిపినా ఈ నష్టం ఆగదండి, ఆ పెట్రోల్‌కి అసలు కాలే అవకాశమే రాలేదు కదా! అందుకే స్ట్రాటిఫైడ్ స్కావెంజింగ్ తెచ్చారు, ట్రాన్స్‌ఫర్ పోర్టుల్లో ముందు ఉత్త గాలి నింపి ఉంచుతారు, పొగని ఆ గాలి నెడుతుంది, బయటికి జారినా జారేది గాలే, మిక్చర్ దాని వెనకాల వస్తుంది. హస్క్‌వర్నా వాళ్ళ ఎక్స్-టార్క్, స్టిల్ వాళ్ళ 2-మిక్స్ ఇవే. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ రెండో ఫేజ్ రూల్స్‌లో హైడ్రోకార్బన్లూ నైట్రోజన్ ఆక్సైడ్లూ కలిపి 50 సీసీ లోపు ఇంజన్‌కి కిలోవాట్ అవర్‌కి 50 గ్రాములు, ఆ పైన 72 గ్రాములు దాటకూడదన్నారు, యూరప్ పొగ రూల్స్ స్టేజ్ 5లోనూ అవే అంకెలు. అంత కిందకి దిగడం ఉత్త కార్బ్యురేటర్ స్క్రూలు తిప్పితే అయ్యే పని కాదు.

మరి ఎలక్ట్రానిక్స్ ఎందుకు? ఆ అంకెలు ల్యాబ్‌లో కొలిచినవి. బయట ఏమవుతుందంటే, వెయ్యి మీటర్ల ఎత్తుకెళ్తే గాలి దాదాపు 10 శాతం పలచబడుతుంది, మిక్చర్ రిచ్ అయిపోతుంది, అంటే గాలికి తగ్గ దానికంటే పెట్రోల్ ఎక్కువైపోతుంది, ఎయిర్ ఫిల్టర్‌లో రంపప్పొట్టు పేరుకున్నా అంతే. పెట్రోల్‌లో ఇథనాల్ ఎక్కువుంటే అటు తిరిగి లీన్ అవుతుంది, అంటే పెట్రోల్ చాలదు. రిచ్ అయితే కార్బన్ మోనాక్సైడ్ పెరుగుతుంది, ఇది బాగా గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే ఆ పొగ పీల్చేది ఎక్కడో ఉన్నవాళ్ళు కాదు, రంపం పట్టుకుని వంగి కోస్తున్న మనిషి. 50 సీసీ లోపు ఇంజన్‌కి దీని లిమిట్టే కిలోవాట్ అవర్‌కి 805 గ్రాములు, అంటే రూల్ పాటించే మెషిన్ కూడా తక్కువేం వదలదు. లీన్ అయితే ఇంకో బాధ, వేడి పెరుగుతుంది, ఆయిల్ వచ్చేది పెట్రోల్‌తోనే కాబట్టి అదీ తగ్గుతుంది, పిస్టన్ గీసుకుపోయి సీజ్ అవుతుంది.

ఇక్కడ నాకు నిజంగా ముచ్చటేసే విషయం ఏంటంటే ఈ ఎలక్ట్రానిక్ కార్బ్యురేటర్‌కి బ్యాటరీ లేదు, కార్లలో ఉండే ఆక్సిజన్ సెన్సారూ లేదు. ఫ్లైవీల్ మాగ్నెట్ల నుంచి వచ్చే కరెంటుతోనే చిన్న కంప్యూటర్ నడుస్తుంది, అది ముఖ్యంగా చూసేది ఆర్‌పీఎం, అంటే ఇంజన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో. ఆటోట్యూన్‌లో అయితే కొన్ని చుట్ల పాటు పెట్రోల్ తగ్గించి చూస్తుంది, స్పీడ్ పెరిగితే అప్పటిదాకా రిచ్‌గా ఉన్నట్టు, పడిపోతే లీన్ వైపు వెళ్ళినట్టు, దాన్ని బట్టి పెట్రోల్ వదిలే సోలనాయిడ్ వాల్వ్‌ని (కరెంటుతో పనిచేసేది) సరిచేస్తుంది. 13,000 ఆర్‌పీఎం అంటే సెకనుకి 200 పైనే మంటలు, అందుకే మనకి ఈ పరీక్ష తెలియను కూడా తెలియదు. ఆ సెట్టింగ్ గుర్తుంచుకుని మళ్ళీ స్టార్ట్ చేసినప్పుడు అక్కడి నుంచే మొదలెడుతుంది. 2019లో స్టిల్ ఎంఎస్ 500ఐ వచ్చింది, 79.2 సీసీ, దాంట్లో కార్బ్యురేటరే లేదు, కంప్యూటర్ కొలిచి పెట్రోల్ చిమ్మే ఇంజెక్షన్.

మెకానిక్‌లకి మాత్రం ఒక్క మాట గట్టిగా చెప్పాలి. క్రాంక్ సీల్ (ఇంజన్ ఇరుసు చుట్టూ ఉండే రబ్బరు సీల్) దగ్గర గాలి లోపలికి లీకైతే మిక్చర్ లీన్ అవుతుంది, పాత సా ఆ సంగతి అరిచి చెప్పేది, ఐడిల్ (రేస్ ఇవ్వనప్పటి స్పీడ్) పెరిగిపోవడం, రేస్ వదిలినా స్పీడ్ దిగకపోవడం, స్క్రూ ఎంత తిప్పినా కుదరకపోవడం. ఇప్పుడు కంప్యూటర్ పెట్రోల్ పెంచుకుంటూ ఆ లోటు పూడ్చేస్తుంది, వాల్వ్ పూర్తిగా తెరుచుకునేదాకా బయటికేమీ తెలీదు, ఆ తర్వాత సర్దడానికి ఏమీ మిగలదు, ఇంజన్ సీజ్ అవుతుంది. అప్పుడు తప్పు కంప్యూటర్ మీద వేసి కొత్త మాడ్యూల్ (ఆ కంప్యూటర్ పెట్టె) కొనిపించేస్తారు, లీకు అలాగే ఉంటుంది, కొత్త పిస్టన్ కూడా పోతుంది. అందుకని పిస్టన్ పోయిన సా మీ దగ్గరికొస్తే ముందు ప్రెషర్ టెస్టు (ఇంజన్‌లోకి గాలి కొట్టి చూడటం), వాక్యూమ్ టెస్టు (గాలి లాగేసి చూడటం) రెండూ చేయండి, లీకు లేదని తేలాకే కొత్త పార్టులు వేయండి, వేశాక కంపెనీ చెప్పిన పద్ధతిలో క్యాలిబ్రేషన్ (కంప్యూటర్ సెట్టింగ్ కొత్తగా సరిచూసుకోవడం) పూర్తిచేసి ఇవ్వండి.