గిరాకీ నెలలు దాటాక వచ్చే మంజూరు

సభాధ్యక్షులకు, వేదికను అలంకరించిన పెద్దలకు, యాత్రా సంస్థల నిర్వాహకులకు, గైడు మిత్రులకు, పర్యాటక విద్యార్థులకు నమస్కారం. ప్రపంచ పర్యాటక దినోత్సవం నాడు తిరుపతిలో మాట్లాడేవారు శేషాచలం అందాలను వర్ణించడం ఆనవాయితీ. నేను మాత్రం దేశ పర్యాటక ప్రచారానికి అయ్యే ఖర్చు మీద ప్రభుత్వం విధించే కట్టడి గురించి మాట్లాడతాను. అది మన పొట్టకూటికి సంబంధించిన విషయం.

2002లో ఇంక్రెడిబుల్ ఇండియా ప్రచారం మొదలుపెట్టిన దేశం మనది. అదే దేశం 2023 మార్చి నాటికి విదేశాల్లోని తన పర్యాటక కార్యాలయాలను మూసివేయాలని నిర్ణయించింది. విదేశీ ప్రచారానికి 2024-25 బడ్జెట్‌లో కేటాయించింది సుమారు 33 కోట్ల రూపాయలు కాగా, మరుసటి ఏడాది అది సుమారు 3 కోట్లకు దిగింది. ప్రజాధనానికి కాపలా ఉండాల్సిందే, దుబారాను అడ్డుకోవాల్సిందే. నా అభ్యంతరమల్లా ఆ కాపలా జరిగే వేళ గురించే.

నా అనుభవం ఒకటి చెబుతాను. చాలా ఏళ్ల కిందట గుడిమల్లం శివాలయాన్నీ, శ్రీకాళహస్తి కలంకారీ అద్దకాన్నీ పరిచయం చేసే మడత పత్రానికి పాఠం రాసివ్వమని ఒక కార్యాలయం నన్ను అడిగింది. ఆదివారాలన్నీ దానికే కేటాయించాను. గుడిమల్లం ఇక్కడికి ఎంత దగ్గరో మీకు తెలుసు. ఈ హాలులో ఎంతమంది అక్కడికి వెళ్లారో దయచేసి మీలో మీరే ప్రశ్నించుకోండి. అయిదడుగుల లింగం మీద నిలబడి ఉన్న శివుడు, ఒక చేత పొట్టేలు, ఇంకొక చేత చిన్న పాత్ర, భుజాన గొడ్డలి, పాదాల కింద మరుగుజ్జు. క్రీస్తుకు పూర్వపుదని చాలామంది చరిత్రకారులు చెప్పే ఆ విగ్రహం ముందు నిలబడిన ప్రతిసారీ నాకు మాట పెగలదు. ఇక కలంకారీ సంగతి: బట్టను కరక్కాయ కలిపిన పాలలో నానబెట్టడం దగ్గర్నుంచి, బెల్లం నీళ్లలో తుప్పుపట్టిన ఇనుము ఊరబెట్టి నల్లరంగు తీయడం వరకు, ఒక కళాకారుడి పక్కన కూర్చుని చూసి రాసుకున్నాను. వానాకాలంలోనే పాఠం, ఛాయాచిత్రాలు సిద్ధమయ్యాయి. కానీ అచ్చు ఖర్చుకు అనుమతి కోరిన దస్త్రం ఒక అభ్యంతరంతో వెనక్కి వచ్చింది, సమాధానమిస్తే మరో అభ్యంతరం వచ్చింది. చివరికి మంజూరు మార్చి ఆఖరి వారంలో అందింది. విదేశీయులు మన దక్షిణాదికి వచ్చేది అక్టోబరు నుంచి మార్చి దాకా కదా! అచ్చయిన కట్టలు ఎండాకాలంలో వచ్చి, విప్పకుండానే గదిలో పడి ఉండడం నేను కళ్లారా చూశాను. రూపాయి మిగిలిందా? మిగల్లేదు. ఖర్చు పూర్తిగా అయింది, ఫలితం మాత్రం రాలేదు.

ఇందులో నన్ను బాధించేదేమిటంటే, ఆర్థిక సంవత్సరం చివరి నెలల్లో హడావిడిగా ఖర్చుపెట్టడం ఆర్థిక క్రమశిక్షణకు భంగమని, కేంద్ర ప్రభుత్వ ఖర్చులకు వర్తించే 2017 సాధారణ ఆర్థిక నియమావళే చెబుతోంది. చివరి త్రైమాసికంలో ఖర్చు మూడో వంతుకు, ఒక్క మార్చిలో 15 శాతానికి మించరాదన్న నిబంధన కూడా ఉంది. అయితే మొదటి నెలల్లో అనుమతి ఇవ్వకుండా చివరి నెలల్లో ఖర్చు చేయవద్దంటే పర్యాటక అధికారి ఏం చేయగలడు? విద్యార్థులారా, రేపు మీలో కొందరు ఆ కుర్చీల్లోనే కూర్చుంటారు, ఈ ప్రశ్నను రాసుకోండి.

కట్టడి చేసిన ఇతర దేశాలున్నాయి. 2010లో బ్రిటన్ ప్రభుత్వం ప్రకటనల ఖర్చును స్తంభింపజేసి, ప్రతి ప్రచారానికీ ప్రత్యేక అనుమతి ఉండాలంది. కానీ మరుసటి ఏడాదే పర్యాటకానికి నాలుగేళ్ల కార్యక్రమం ప్రకటించి, ప్రభుత్వం పెట్టే 5 కోట్ల పౌండ్లకు ప్రైవేటు సంస్థలు అంతే కలిపేలా ఏర్పాటు చేసింది. అమెరికాలో కొలరాడో రాష్ట్రం 1993లో పర్యాటక ప్రచార నిధిని పూర్తిగా ఆపేసి, దేశీయ పర్యాటకుల్లో తన వాటాను కోల్పోయింది; ఆ పనికి మళ్లీ ఒక కార్యాలయం ఏర్పాటు కావడానికి 2000 సంవత్సరం దాకా పట్టింది.

కాబట్టి పెద్దలను నేను కోరేది ఇది: పర్యాటక ప్రచారానికి మూడేళ్ల కేటాయింపు ముందుగా ప్రకటించండి, ఒక్కో దస్త్రంపై నిర్ణయానికి గడువు పెట్టండి, ఖర్చు వివరాలను ప్రజల ముందుంచండి. గైడు మిత్రులారా, మీ సంఘాల తరఫున ఈ కోరికను రాతపూర్వకంగా మన పార్లమెంటు సభ్యులకు అందజేయండి. వచ్చే ఏడాది అక్టోబరు గిరాకీకి అందేలా, బడ్జెట్ కసరత్తు జరిగే నెలల్లోనే అందజేయండి.