పాన్ యామ్ బోర్డు పీకేస్తే ఏం కూలుతుంది? | బ్లేడ్ రన్నర్ 2049

[తెరపై: చీకటి, వర్షం, భవనం మీద వెలుగుతున్న పాన్ యామ్ బోర్డు]

బ్లేడ్ రన్నర్ సినిమాకి సీక్వెల్‌గా వచ్చిన బ్లేడ్ రన్నర్ 2049 మీద వాదన ఎప్పుడు మొదలైనా ఎవరో ఒకరు ఈ ఫొటో తెచ్చి పెడతారు. "చూశారా, పాత సినిమా గుర్తుచేసి చప్పట్లు కొట్టించుకోవడమే" అంటారు. వినీ వినీ విసుగొచ్చింది, అందుకే ఈ వీడియో. రెండు సినిమాలూ చూసినవాళ్ల కోసమే ఇది, కథ దాచను.

మొదటి సినిమా వచ్చింది 1982లో. కథ జరిగేది 2019 నవంబర్‌లో. సినిమా తీసేనాటికి పాన్ యామ్ నడుస్తున్న విమాన సంస్థ, కాబట్టి 37 ఏళ్ల తర్వాత కూడా ఉంటుందనుకుని బోర్డు పెట్టేశారు. 1991 డిసెంబర్‌లో అది మూతపడింది. రెప్లికెంట్లని, అంటే తయారుచేసిన కృత్రిమ మనుషుల్ని వేటాడే డెకార్డ్, తనూ రెప్లికెంటే అయిన రేచెల్‌కి వీడియో కాల్ చేసే బూత్ ఉంది కదా, దాని మీద బెల్ గుర్తు ఉంటుంది. అమెరికా టెలిఫోన్ సంస్థ అయిన ఆ బెల్ సిస్టమ్‌ని 1984 జనవరి 1న ముక్కలు చేశారు. సినిమా వచ్చి రెండేళ్లు కూడా తిరగలేదు!

ఇప్పుడు సీక్వెల్ తీసే పని మీకే అప్పగించారనుకోండి. బోర్డు ఉంచుతారా, తీసేస్తారా? తీసేస్తే మీ 2049 మనం బతుకుతున్న కాలానికి కొనసాగింపు అవుతుంది. కానీ మనకు ఎగిరే కార్లేవి, రెప్లికెంట్లేవి? మొదటి సినిమా మొత్తం అబద్ధమైపోతుంది. ఉంచితే, చరిత్ర 1982 దగ్గర రెండు పాయలైంది, ఈ కథ రెండో పాయలో నడుస్తోంది అని ఒప్పుకున్నట్టు. సీక్వెల్ దర్శకుడు డెనీ విల్నవ్ ఉంచాడు.

ఉంచాక ఇక అన్నీ ఆ లెక్కనే నడవాలి. అందుకే అక్కడ సోవియట్ యూనియన్ ఇంకా బతికే ఉంది. బ్యాలే నర్తకి ఉన్న ఆ పెద్ద ప్రకటన మీద సీసీసీపీ (రష్యన్‌లో సోవియట్ యూనియన్ పొట్టి పేరు) అక్షరాలు చూడండి. ఆ ప్రకటన 1982 సినిమాలో లేదు. లేనిదాన్ని ఎలా గుర్తుచేస్తారు? అది జ్ఞాపకం కాదు, బోర్డు పెట్టిన నియమానికి వచ్చిన ఫలితం. (అటారీ బోర్డు కూడా ఉంది కానీ దాన్ని వాడను. ఆ పేరు ఇప్పటికీ అమ్ముడవుతోంది, ఉదాహరణగా పలచన.)

కాబట్టి పాతది ఏది కనబడ్డా నేను అడిగేది ఒకటే: దీన్ని పీకేస్తే ఏం కూలుతుంది? బోర్డు పీకితే కాలక్రమమే కూలుతుంది. ఏదీ కూలకపోతే అది అలంకారం. అలంకారం తప్పేం కాదు, దాన్ని వరల్డ్ బిల్డింగ్, అంటే కథాలోకాన్ని కట్టడం, అనకుంటే చాలు.

[తెరపై: కాగితం మడుస్తున్న గాఫ్ చేతులు]

ఉదాహరణకి గాఫ్, కాగితం మడిచి బొమ్మలు చేసే పోలీసు. మొదటి సినిమాలో అతను చేసినవి కోడి, మనిషి, యూనికార్న్. డెకార్డ్ కేసు వద్దని తప్పుకోబోతుంటే కోడి చేస్తాడు, ఇంగ్లిష్‌లో చికెన్ అంటే పిరికివాడు కూడా, అదీ ఎత్తిపొడుపు. 2049లో చేసేది గొర్రె. మూలమైన 1968 నవల పేరు (డూ ఆండ్రాయిడ్స్ డ్రీమ్ ఆఫ్ ఎలక్ట్రిక్ షీప్?) తెలిసినవాళ్లకే అది అందుతుంది. పీకేయండి, ఏదీ కూలదు. నా లెక్కలో ఇది అచ్చమైన నాస్టాల్జియా, కానీ దీని మీద ఎవరూ గొడవపడరు. బోర్డు మీదే పడతారు!

ఇప్పుడు పాత ఆడియో. రేచెల్‌ని డెకార్డ్ ప్రశ్నించిన రికార్డింగ్‌ని 2049 కథానాయకుడైన పోలీసు కె, రెప్లికెంట్లు తయారుచేసే వాలెస్ దగ్గర పనిచేసే లవ్ కలిసి వింటారు. అది గరగరలాడుతూ, ముక్కలుముక్కలుగా వస్తుంది. కారణం కథలో 2022లో జరిగిన బ్లాకౌట్, డిజిటల్ రికార్డులన్నీ చెరిగిపోయాయి. ఆ ఒక్క నియమం ఎంత పని చేస్తుందో చూడండి. కె వెతుకుతున్నది 28 ఏళ్ల కిందట రేచెల్‌కి పుట్టిన బిడ్డని, ఆ ఆచూకీ కంప్యూటర్‌లో దొరకదు. కె అనాథాశ్రమానికి వెళ్లి కాగితపు రిజిస్టరే వెతకాలి. అందులో పేజీలు చింపేసి ఉంటే దారి మూసుకుపోయినట్టే. బ్లాకౌట్ పీకితే కేసే కూలుతుంది, పది నిమిషాల్లో తేలిపోతుంది.

మరో జట్టు ఉంది: "గ్రహాంతర కాలనీలు ఎందుకు చూపలేదు?" అనేవాళ్లు. రెండు సినిమాల్లోనూ చూపలేదు. భూమ్మీద మిగిలిపోయినవాళ్ల కథ ఇది, వాళ్లకి కనిపించనిది మనకెందుకు?

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా.

రేచెల్ నకలు. వాలెస్ ఆమెను మళ్లీ తయారుచేసి డెకార్డ్ ముందు నిలబెడతాడు. పీకేస్తే? వాలెస్ ఇవ్వజూపిన లంచం కూలుతుంది. ఆమె కళ్లు ఆకుపచ్చవి అని డెకార్డ్ తిప్పికొడతాడు. మొదటి సినిమాలో రెప్లికెంట్లని పట్టే పరీక్ష యంత్రం తెర మీద కన్ను ఆకుపచ్చగా, నటి కళ్లు గోధుమ రంగులో ఉంటాయి. డెకార్డ్ అబద్ధమాడాడా, పాత సినిమా తప్పునే వాడుకున్నారా? ఏదైనా సరే, నకలును చూసి మురిసిపోబోయిన ప్రేక్షకుడి ముందే లవ్ ఆమెను కాల్చేస్తుంది.

సముద్రపు గోడ, వర్షానికి తోడు మంచు: పాస్. కొత్తవే, కానీ పాత వాతావరణం 30 ఏళ్లు ముదిరితే ఇలాగే ఉంటుంది.

చివరిది, మెట్ల మీద కె పడుకున్నప్పుడు వచ్చే వాంగెలిస్ బాణీ. తీసేసి చూడండి. మంచు ఉంటుంది, చెయ్యి ఉంటుంది, నిశ్శబ్దం ఉంటుంది, సీన్ నిలబడుతుంది. కాబట్టి ఫెయిల్. వినేటప్పుడు మాత్రం తీసేయాలని ఒక్కసారీ అనిపించదు, అది వేరే సంగతి.